పసుపు గీత మీద తకరారు

1868 ఆగస్టు 18 ఉదయం గుంటూరులో పట్టపగలే చీకటి పడింది. సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ అయిదారు నిమిషాల చీకటి కోసం పియర్ జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త సముద్రాలు దాటి వచ్చి, పరికరాల పెట్టెలతో ముందుగానే ఆ ఊళ్లో మకాం పెట్టాడు. మేజర్ టెనెంట్ నాయకత్వంలో బ్రిటిషు బృందం అదే ఊళ్లో ఇంకోచోట దిగింది. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ బందరు చేరాడు. సయాం రాజు మాంగ్‌కుట్ అయితే తానే లెక్క కట్టుకుని, నీడ పడే చోటుకు పరివారంతో సహా వెళ్లి గ్రహణం చూశాడు. లెక్క తప్పలేదు గానీ, అక్కడ పట్టుకున్న మలేరియా అక్టోబరు 1న ఆయన్ని పొట్టన పెట్టుకుంది.

ఇంతమంది ఇన్ని అగచాట్లు పడింది సూర్యుడి అంచున కనబడే ఎర్రటి నాలుకల కోసం. బింబం పూర్తిగా మూసుకుపోయిన క్షణాన అవి గులాబీ రంగులో బయటపడతాయి. అవి సూర్యుడివా చంద్రుడివా అన్న సందేహం 1860 నాటి గ్రహణం ఫోటోలతో తీరింది, సూర్యుడివే. మరి దేనితో తయారయ్యాయి? వాటి వెలుగును పట్టకంలోంచి పంపి చూస్తే తేలుతుంది. బాగా కాలిన ఘనపదార్థం ఇచ్చే వెలుగు ఎరుపు నుంచి ఊదా దాకా తెగకుండా పరుచుకుంటుంది. పలచటి వేడి వాయువు వెలుగులో మాత్రం చీకటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి మెరిసే గీతలే ఉంటాయి. గుంటూరులో కనబడింది గీతలు. అంటే వాయువే. ఎర్ర గీత, నీలి గీత హైడ్రోజనువని పోల్చుకోవడం కష్టం కాలేదు. వాటి మధ్య ఇంకోటి, పసుపు పచ్చగా, మెరిసిపోతూ ఉంది.

పసుపు అనగానే ఆనాటి వారందరికీ తట్టేది సోడియం. గ్యాసు పొయ్యి మీద ఉప్పు వేసిన పప్పు పొంగి మంట మీద పడినప్పుడు చూడండి, నీలి మంట ఒక్కసారి పసుపు పచ్చగా భగ్గుమంటుంది. ఉప్పులోని సోడియం చేసే పని అది. కంటికి కనబడనంత ధూళి ఉన్నా చాలు, మంటలో ఆ రంగు తేలుతుంది. ప్రయోగశాలల్లో ఏ పదార్థాన్ని కాల్చినా పిలవని పేరంటానికి వచ్చినట్టు సోడియం గీత హాజరయ్యేది. అందుకని గ్రహణం నాడు పసుపు గీత చూసినవాళ్లు ఇదీ ఆ బాపతే అనుకున్నారు.

జాన్సెన్ గొప్పతనం ఆ మర్నాడు బయటపడింది. గ్రహణం లేని రోజున ఆ నాలుకలు ఎందుకు కనబడవు? వాటి చుట్టూ ఆకాశంలో చెదిరిన సూర్యకాంతి వాటిని ముంచెత్తుతుంది గనక. కాంతిని పట్టకంలోంచి పంపితే ఆకాశపు వెలుగు అన్ని రంగులుగా పరుచుకుని పలచబడిపోతుంది. నాలుకల వెలుగు మాత్రం రెండు మూడు గీతల్లోనే కూడుకుని ఉంటుంది కాబట్టి ఎంత పరిచినా పలచబడదు. పట్టకాలు పెంచేకొద్దీ వెనక వెలుతురు మసకబారుతుంది, గీతలు నిలిచి ఉంటాయి. ఆగస్టు 19న గుంటూరు ఎండలో, నిండు సూర్యుడి అంచున, జాన్సెన్ ఆ నాలుకలను మళ్లీ చూశాడు. ఇక ఆ నాలుకల కోసం గ్రహణాల వెంట తిరిగే పని తప్పింది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా విడిగా ఇదే ఉపాయం పన్ని అక్టోబరు 20న చూడగలిగాడు. ఇద్దరి కబురూ పారిస్ అకాడమీకి ఒకే రోజున అందింది. ఫ్రాన్సు ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలూ కలిపి ఒకే పతకం ముద్రించి ఎవరు ముందన్న పేచీ తీర్చింది.

తీరికగా చూసే వీలు దొరికాక పసుపు గీత చోటు కొలిచారు. సోడియం గీతలు రెండు, 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. సూర్యుడి అంచున కనబడిన గీత 587.6 దగ్గర ఉంది. తేడా నానోమీటరున్నర కూడా లేదు. కానీ వర్ణపటంలో అది చిన్న తేడా కాదు. ఆ చోట గీత ఇచ్చే పదార్థమేదీ భూమ్మీద తెలిసినవాటిలో లేదు. లాకియర్ తెగించి ఇది కొత్త మూలకమన్నాడు. గ్రీకులో సూర్యుడి పేరు మీద హీలియం అన్నారు. కనబడని మూలకానికి పేరు పెట్టడమేమిటని రసాయన శాస్త్రవేత్తలు చాలాకాలం పెదవి విరిచారు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో కాచి, వెలువడిన వాయువు వర్ణపటం తీస్తే అదే 587.6 దగ్గర గీత పడింది. హీలియం గుంటూరులో కనుగొన్నారని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. గుంటూరులో కనబడింది గీత. అది సోడియంది కాదని పట్టుకున్న ఘనత లాకియర్‌ది. ఆ రెండో పని మొదటిదానికంటే కష్టమైనదని నా అభిప్రాయం.

నక్షత్రాల్లో ఏ పదార్థం ఉందో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కాంట్ 1835లో తేల్చి చెప్పాడు. అది తెలివితక్కువ మాటేమీ కాదు. నక్షత్రాన్ని తాకలేం, ముక్క తెచ్చి కాచలేం. అయితే కాంట్‌కు ఇరవై ఏళ్ల ముందే, 1814లో, జర్మనీలో అద్దాలు సానపెట్టే ఫ్రాన్‌హోఫర్ సూర్యుడి వర్ణపటంలో 570కి పైగా నల్లటి గీతలు లెక్కపెట్టి ఉన్నాడు. వాటి భావమే ఎవరికీ తెలియదు. 1859లో కిర్కాఫ్, బున్సెన్ ఆ ముడి విప్పారు. వేడి మీద ఒక మూలకం ఏ రంగును వెదజల్లుతుందో, చల్లగా అడ్డుగా నిలిచినప్పుడు సరిగ్గా అదే రంగును మింగుతుంది. నల్ల గీతలంటే సూర్యుడి పైపొర మింగిన రంగులు.

అయితే గీతలు ముదురుగా ఉన్నంత మాత్రాన ఆ మూలకం ఎక్కువుందని కాదు. ఈ చిక్కు తీర్చడానికి మన మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణం కావలసి వచ్చింది. ఏ ఉష్ణోగ్రతలో ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటాయో అది చెబుతుంది. దాన్ని పట్టుకుని సిసీలియా పేన్ అనే యువతి హార్వర్డులో 1925 నాటి తన సిద్ధాంతవ్యాసంలో నక్షత్రాల్లో దాదాపు అంతా హైడ్రోజను, ఆ తర్వాత హీలియమేనని లెక్క తేల్చింది. సూర్యుడు కూడా భూమి లాంటి సరుకుతోనే తయారయ్యాడని పెద్దలు నమ్ముతున్న రోజులవి. ఆ పెద్దల్లో ఒకరైన హెన్రీ నోరిస్ రస్సెల్ మాట కాదనలేక, ఈ ఫలితం బహుశా నిజం కాకపోవచ్చని ఆమె తన వ్యాసంలోనే రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్లకు రస్సెల్ వేరే దారిలో అదే లెక్కకు చేరాడు.

గీతల నుంచి వేగం కూడా తెలుస్తుంది. నక్షత్రం మన వైపు వస్తుంటే గీతలు నీలం వైపు, పోతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. విశ్వం విస్తరిస్తోందన్న సంగతి, ఇతర నక్షత్రాల చుట్టూ గ్రహాలున్నాయన్న సంగతి ఈ జరుగుడు కొలిచే తెలుసుకున్నారు. గురుగ్రహం తన చుట్టూ తిరుగుతూ లాగడం వల్ల సూర్యుడు సెకనుకు పన్నెండున్నర మీటర్ల వేగంతో ఊగుతాడు. భూమి లాగుడుకు 9 సెంటీమీటర్లే. అంత చిన్న జరుగుడు పట్టాలంటే పరికరంలోని కొలబద్ద దశాబ్దాల పాటు వెంట్రుకవాసి కదలకూడదు. దానికి ఇప్పుడు లేజరుతో సమాన దూరంలో వేలాది గీతలు గీసి, వాటిని పరమాణు గడియారానికి కట్టేస్తున్నారు. ఆ లేజరు దువ్వెనకు బాటవేసిన థియోడర్ హెన్ష్, జాన్ హాల్‌లకు 2005 నోబెల్ బహుమతిలో సగం వచ్చింది.

లేజరు పుట్టింది 1960లో. థియోడర్ మేమన్ కెంపు కడ్డీతో వెలిగించాడు. అంతదాకా కాంతితో చేసే ఖగోళ శాస్త్రం కేవలం పుచ్చుకునే శాస్త్రం. వచ్చిన వెలుగు చూసుకోవడమే తప్ప తన వైపు నుంచి పైకి పంపేదేమీ లేదు. లేజరు వచ్చాక పంపడం మొదలైంది. కానీ చిత్రం ఏమిటంటే, పంపిన వెలుగుతో మొట్టమొదట సరిచేసుకోవలసి వచ్చింది మన గాలినే.

నక్షత్రం మిణుకుమనేది మన గాలి వల్ల. వేడి గాలి, చల్ల గాలి కలగలిసి కదులుతుంటే ఒక్కో పొర వెలుగును ఒక్కో రకంగా వంచుతుంది. నక్షత్రం నుంచి వచ్చే కాంతి తరంగం ఇస్త్రీ చీరలా మడత లేకుండా వాతావరణం దాకా వస్తుంది. ఆఖరి పది ఇరవై కిలోమీటర్లలో నలిగిపోతుంది. ఈ బెడద న్యూటన్‌కు తెలుసు. దుర్భిణిని ఎత్తైన కొండ మీద పెట్టమని 1704లోనే రాశాడు. కొండ ఎక్కినా పూర్తిగా వదలదు. ఎనిమిది మీటర్ల అద్దం పెట్టుకుంటే మసక నక్షత్రాలు కనబడతాయి గానీ, బొమ్మ స్పష్టత మాత్రం జానెడు అద్దపు దుర్భిణిది దాటదు. కోట్లు పోసి కట్టిన అద్దం వెలుగు పట్టే తొట్టిగానే మిగిలిపోతుంది.

నలిగిన తరంగానికి సరిగ్గా ఎదురు మడతలు పెట్టిన అద్దం చూపిస్తే తరంగం మళ్లీ సాఫవుతుందని హొరేస్ బాబ్‌కాక్ 1953లో సూచించాడు. గాలి ఊరుకోదు కాబట్టి అద్దం సెకనుకు వందల సార్లు రూపు మార్చుకోవాలి. కంప్యూటర్లు లేని రోజుల్లో అది కాగితం మీదే ఉండిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎంత నలిగిందో తెలియాలంటే చూడదలచుకున్న చోటు పక్కనే మంచి కాంతిగల నక్షత్రం ఒకటి ఉండాలి. ఆకాశంలో అలాంటి అదృష్టం ఉన్న చోట్లు బహు కొద్ది.

లేని నక్షత్రాన్ని మనమే పెట్టుకుంటే? ఇక్కడ సోడియం మళ్లీ రంగంలోకి వస్తుంది. ఉల్కలు గాలిలో రాలి కాలినప్పుడు వాటిలోని సోడియం భూమికి సుమారు 90 కి.మీ. ఎత్తున పలచటి పొరగా నిలుస్తుంది. భూగోళం మొత్తం మీద ఆ పొరలో ఉన్న సోడియం పోగేస్తే టన్నుకు అటూఇటూ ఉంటుంది, అంతే. అంత పలచన. అయినా 589 నానోమీటర్లకు సరిగ్గా శ్రుతి చేసిన లేజరును పైకి వదిలితే, ఆ పరమాణువులు దాన్ని మింగి, మళ్లీ అదే పసుపులో వెదజల్లుతాయి. ఒకనాడు అందరినీ పక్కదారి పట్టించిన సోడియం పసుపు ఇప్పుడు కోరిన చోట దీపం వెలిగిస్తుంది. దుర్భిణిలోంచి చూస్తే అది చిన్న నక్షత్రం. దాని వెలుగు కిందికి వస్తూ ఎలా నలిగిందో కొలిచి, అద్దాన్ని ఆ ప్రకారం వంచుతారు.

ఈ ఆలోచన మొదట అమెరికా సైన్యం గుప్పిట్లో ఉంది. ఉపగ్రహాలను నేల మీంచి స్పష్టంగా చూడటం వాళ్ల అవసరం. విలియం హాపర్ 1982లో సోడియం పొర సంగతి చెబితే దాన్ని రహస్యాల బీరువాలో పెట్టేశారు. ఆ సంగతి తెలియని ఫ్రెంచివాళ్లు ఫోయ్, లాబేరీ కృత్రిమ నక్షత్రం ఆలోచనను 1985లో బహిరంగంగా ప్రచురించారు. 1991లో గానీ అమెరికా తన కాగితాలు బయటపెట్టలేదు. ఖగోళ శాస్త్రానికి దాదాపు పదేళ్లు నష్టం.

చిలీలో అటకామా ఎడారిలో పరానల్ అనే కొండ ఉంది, 2,635 మీటర్ల ఎత్తు. దాని మీది నాలుగు పెద్ద దుర్భిణుల్లో నాలుగోదాని పేరు యేపున్. 2016 ఏప్రిల్ నుంచి దాని మీద నాలుగు లేజర్లు పని చేస్తున్నాయి. ఒక్కొక్కటి 22 వాట్లు, 30 సెం.మీ. లావున్న కాంతి దూలం. వాట్ల లెక్కన మామూలు ఇంటి బల్బు వరస, కానీ ఉన్నదంతా ఒకే రంగులో, ఒకే దిక్కుకు పోతుంది. ఇక అద్దం. అడ్డంగా మీటరుకు కాస్త ఎక్కువ, మందం రెండు మిల్లీమీటర్లు. దాని వెనక 1,170 అయస్కాంత మీటలు. ఆ అద్దం దేనికీ ఆనకుండా, అయస్కాంత బలం మీద తేలుతూ, సెకనుకు వెయ్యి సార్ల దాకా ఆకారం మార్చుకుంటుంది. 2018లో ఈ ఏర్పాటుతో నెప్ట్యూను ఫోటో తీస్తే, అంతరిక్షంలోని హబుల్ తీసినదానికంటే పదునుగా వచ్చింది.

నాలుగు పసుపు దూలాలు ఆకాశంలోకి లేచిన ఫోటో చూసినవాళ్లు ఎవరి మీదనో గురిపెట్టారనుకుంటారు. నిజానికి ఆ వెలుగు చేసే పనంతా వంద కిలోమీటర్ల లోపే అయిపోతుంది. విమానం పైలటు కంట్లో పడితే ప్రమాదం కనక, దగ్గరలో విమానం కనబడితే దూలం ఆగిపోతుంది. హవాయిలోని మౌనా కియా కొండ మీద ఒకప్పుడు ఈ కాపలాకు మనుషులే చలిలో బయట నిలబడి ఆకాశం చూస్తూ ఉండేవారు. పొరుగు దుర్భిణి చూస్తున్న దిక్కుకు దూలం అడ్డం వెళ్లినా దాని బొమ్మ చెడుతుంది. అందుకని ఎవరి లేజరు ఎప్పుడు ఎటు పోతోందో చూసే సాఫ్ట్‌వేరే వేరుగా ఉంది.

లేజరు నక్షత్రం అన్నీ చెప్పదు. దూలం పైకి పోయేటప్పుడూ అదే గాలిలోంచి పోతుంది, వెలుగు తిరిగి వచ్చేటప్పుడూ అదే గాలిలోంచి వస్తుంది. గాలి మొత్తంగా బొమ్మను పక్కకు నెట్టిందనుకోండి, పోతూ ఎంత నెట్టిందో వస్తూ అంత వెనక్కి లాగుతుంది, లెక్కలో ఆ జరుగుడు కనబడకుండా పోతుంది. దాన్ని పట్టడానికి పక్కన ఒక నిజమైన నక్షత్రం కావాల్సిందే. నయం ఏమిటంటే, అది మసకగా ఉన్నా సరిపోతుంది.

ఇంత తంటా ఎందుకంటే, చూడదగ్గ చోట్లు అలాంటివి. మన పాలపుంత నడిబొడ్డు దాదాపు 27 వేల కాంతి సంవత్సరాల దూరాన, ధూళి మబ్బుల వెనక ఉంది. అక్కడ ఏదో బరువైనది ఉందని, చుట్టూ తిరిగే వాయువు వేగాన్ని బట్టి 1970లలో, 80లలో గట్టిగా అనుమానించినవారిలో చార్లెస్ టౌన్స్ ఒకరు. లేజరుకు ముందుతరం పరికరం మేజరును చేసి 1964 నోబెల్ పంచుకున్నది ఈయనే. ఆ తర్వాత ఈయన ఖగోళంలోకి దిగారు. బర్క్‌లీలో ఆయన దగ్గర పని నేర్చిన రైన్‌హార్డ్ గెంజెల్ బృందం చిలీ నుంచి, ఆండ్రియా గెజ్ బృందం హవాయిలోని కెక్ దుర్భిణుల నుంచి, పాతికేళ్లకు పైగా ఆ నడిబొడ్డు నక్షత్రాలను వెంటాడాయి. కెక్‌కు లేజరు తోడైంది 2004-05 ప్రాంతంలో. అప్పటినుంచి ఇంకా మసక నక్షత్రాల దారులు కూడా గీయగలిగారు. ఎస్2 అనే నక్షత్రం అక్కడ కనబడని దాని చుట్టూ పదహారేళ్లకోసారి తిరుగుతుంది. ఆ కక్ష్యను బట్టి మధ్యలో ఉన్నదాని బరువు 40 లక్షల సూర్యుళ్లకు పైమాటే అని తేలింది. 2018 మేలో ఎస్2 దానికి అతి దగ్గరగా, సెకనుకు సుమారు 7,650 కి.మీ. వేగంతో దూసుకుపోయింది. ఆ వేళ దాని హైడ్రోజను, హీలియం గీతలు వేగం వల్ల జరగవలసిన దానికంటే మరికాస్త ఎక్కువగా ఎరుపు వైపు జరిగాయి. బరువైనదాని దగ్గర నుంచి బయటికి ఎక్కి వచ్చే వెలుగు నీరసిస్తుందన్న ఐన్‌స్టీన్ లెక్క అక్కడ నిజమైంది. గెంజెల్, గెజ్‌లు 2020 నోబెల్‌లో భాగస్వాములయ్యారు. పరిశీలనతో సాధించిన పని అంటే ఇదీ అని నాకనిపిస్తుంది. లెక్కలతో ఇలాంటి బ్లాక్‌హోల్ ఉండవచ్చు అనడం ఒకటి, దాని చుట్టూ ఒక నక్షత్రం పూర్తి చుట్టు తిరిగేదాకా కనిపెట్టుకుని కూర్చోవడం ఇంకొకటి.

పంపిన వెలుగు నిజంగా మరో లోకాన్ని తాకి తిరిగి వచ్చేది చంద్రుడి నుంచి. 1969 జులైలో అపోలో 11 వ్యోమగాములు వంద గాజు మూలల పలకను అక్కడ పెట్టి వచ్చారు. మూడు అద్దాలు మూలగా కలిసినచోట పడిన వెలుగు ఏ దిక్కు నుంచి వస్తే ఆ దిక్కుకే మళ్లుతుంది. ఆగస్టు 1న కాలిఫోర్నియాలోని లిక్ వేధశాల దాని నుంచి లేజరు ప్రతిధ్వని అందుకుంది. రానూపోనూ రెండున్నర సెకన్లు. చెప్పినంత తేలిక కాదు. దూలం చంద్రుణ్ని చేరేసరికి రెండు కిలోమీటర్ల వెడల్పవుతుంది, తిరిగి వచ్చేసరికి పదిహేను. న్యూమెక్సికోలోని అపాచీ పాయింట్ దుర్భిణి ఒక్కో మెరుపులో సుమారు మూడు వేల కోట్ల కోట్ల కాంతికణాలు పంపితే, తిరిగి దక్కేది ఒకటి. ఒక్కోసారి అదీ లేదు. ఆ ఒక్కొక్క కణాన్నే పోగేసి చంద్రుడు ఏడాదికి 3.8 సెం.మీ. దూరం జరుగుతున్నాడని, లోపల ద్రవ గర్భం ఉందని, భూమీ చంద్రుడూ సూర్యుడి వైపు ఒకే తీరుగా పడుతున్నాయని తేల్చారు. 1970లో దిగిన సోవియట్ బండి లునఖోద్ 1 మీది అద్దం నలభై ఏళ్లపాటు ఎక్కడుందో అంతుచిక్కలేదు. 2010లో చంద్ర ఉపగ్రహం ఫోటోల్లో బండి ఆచూకీ దొరికాక లేజరు వదిలితే, అనుకున్నదానికంటే గట్టిగా పలికింది. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 విక్రమ్ మీద కూడా నాసా ఇచ్చిన అలాంటి చిన్న పరికరం ఉంది. అడ్డంగా అయిదు సెంటీమీటర్లు, ఎనిమిది గాజు మూలలు. 2023 డిసెంబరు 12న వంద కి.మీ. దూరం నుంచి నాసా ఉపగ్రహం లేజరు వదిలితే జవాబు వచ్చింది.

ఇక ఆకాశం వైపు చూడనే చూడని లేజరు ఒకటి. అమెరికాలోని లైగో కేంద్రాల్లో నాలుగేసి కిలోమీటర్ల గొట్టాలు రెండు లంబంగా ఉంటాయి. ఒక లేజరును చీల్చి రెండింటిలోకీ పంపి, చివరి అద్దాల నుంచి తిరిగి వచ్చాక కలుపుతారు. గొట్టాల పొడవులో మార్పు లేకపోతే రెండు తరంగాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గురుత్వ తరంగం పోతూ ఒక గొట్టాన్ని సాగదీసి ఇంకోదాన్ని కుదిస్తే కాస్త వెలుగు బయటికి కారుతుంది. ప్రోటాను వ్యాసంలో వెయ్యో వంతు తేడా కూడా తెలుస్తుంది. 2015 సెప్టెంబరు 14న ఇలా మొదటిసారి తెలిసింది, 130 కోట్ల కాంతి సంవత్సరాల అవతల రెండు బ్లాక్‌హోళ్లు కలిసిపోయిన సంగతి.

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు లైగో, ఇటలీలోని వర్గో కలిసి, నూటికి పైగా నిండు చందమామలు పట్టేంత మేరలో ఎక్కడో ఉందని చెప్పగలిగాయి. గురుత్వ తరంగం ముగిసిన 1.7 సెకన్లకు గామా కిరణాల మెరుపు అందింది. ప్రపంచమంతా దుర్భిణులు ఆ మేరలోని గెలాక్సీలను ఒకటొకటిగా గాలించాయి. పదకొండు గంటల తర్వాత చిలీలో స్వోప్ అనే ఒక మీటరు దుర్భిణి ఎన్‌జీసీ 4993లో కొత్త వెలుగు పట్టుకుంది. అది మొదట నీలంగా ఉండి, రోజుల వ్యవధిలో ఎర్రబడి చల్లారిపోయింది. దాని వర్ణపటాలను 2019లో మళ్లీ చదివితే స్ట్రాన్షియం గుర్తు కనబడింది. బరువైన మూలకాలు అలాంటి చోట తయారవుతాయనడానికి సాక్ష్యం. కాంతి వేగంలో పావు వంతు దాకా వేగంతో ఎగిరే శకలాల్లో గీత ఎంతగా అలుక్కుపోయిందంటే, అది స్ట్రాన్షియందా హీలియందా అన్న వాదన కూడా నడిచింది.

మొదటి గంటల నీలి వెలుగును పట్టి ఉంటే ఇంకా ఎంతో తెలిసేది. వెతకవలసిన మేర తగ్గాలంటే లేజరు గొట్టాలు భూమ్మీద దూరదూరంగా మరిన్ని చోట్ల ఉండాలి. అలాంటి ఒకటి మన దేశంలో, మహారాష్ట్ర హింగోలి జిల్లా ఔండాలో కడుతున్నారు. నాందేడ్ దాటి నాగనాథ్ గుడికి వెళ్లే తెలుగు యాత్రికులు చాలామందికి ఆ ఊరు తెలిసిందే. 2023 ఏప్రిల్‌లో కేంద్రం రూ. 2,600 కోట్లు ఆమోదించింది. 2030కల్లా పూర్తవాలన్నది అప్పుడు పెట్టుకున్న గడువు.